తీగ ఎవరిది? విద్యా వైద్య సంస్థల ఉమ్మడి బ్రాడ్‌బ్యాండ్ జాలములపై ఒక విచారణ

మన ప్రాంతములలో గొలుసుకట్టు చెరువులు త్రవ్వించిన పూర్వులు, పై చెరువు అలుగు పారినపుడు ఆ నీరు క్రింది చెరువునకు చేరునట్లు కాలువలు తీర్చిరే గాని, ఆ కాలువలలో ఏటేట పేరుకొను పూడికను ఎవరు తీయవలయునను విషయమును మాత్రము గ్రామముల కట్టుబాటునకు విడిచిరి. మద్రాసు రాజధానిలో కుడిమరామత్తను పేర వ్యవహరింపబడిన ఆ కట్టుబాటు సడలుచున్నదని గ్రహించియే కాబోలు, దొరతనమువారు 1858లో అట్టి శ్రమకు చట్టబలమును గూడ కల్పించిరి. పాఠశాలలు, కళాశాలలు, ఆసుపత్రులు కలిసి ఒక ప్రాంతమున ఉమ్మడిగా నెలకొల్పుకొను బ్రాడ్‌బ్యాండ్ జాలముల చరిత్రను పరిశీలింపగా, ఈ పూడికతీత ప్రశ్నయే ఇచ్చటను తక్కిన వానికంటె పెద్దదిగా నాకు తోచినది. తీగ వేయుటకు ధనము ఏదో యొక పథకము క్రింద దొరకుచునే యున్నది. వేసిన తీగను తమదిగా నెంచి, అది తెగిననాడు పరుగెత్తువారే దొరకుట లేదు. అమెరికాలోని మిషిగన్, ఉత్తర కరోలినా రాష్ట్రముల అనుభవమును ప్రధానముగా గైకొని, తెలుగు నేలపై జరిగిన యత్నములను దాని సరసన నుంచి చూచుట ఈ వ్యాసమున తలపెట్టిన పని.

ఉమ్మడితనము అసలేల అవసరమైనదో మొదట చెప్పవలసియున్నది. ఆప్టికల్ ఫైబర్ వెండ్రుకవంటి గాజుపోగు. దాని వెల స్వల్పము. కందకము త్రవ్వుటకును, రోడ్డును రైలుకట్టను దాటుటకు అనుమతులు పొందుటకును, స్తంభముల అద్దెకును అగు వ్యయమే మోయలేని భారము. పండ్రెండు పోగులు వేయదలచినచోట నలువది యెనిమిది వేసినను మొత్తము ఖర్చున కలుగు హెచ్చు అత్యల్పము. ఇట్లుండగా ఒకే ఊరిలోని ఉన్నత పాఠశాల ఒక కంపెనీతోను, డిగ్రీ కళాశాల వేఱొకదానితోను, ఏరియా ఆసుపత్రి మఱియొకదానితోను విడివిడిగా బేరమాడుకొనుట, ఒకే పొలముగట్టున మూడు కాలువలు త్రవ్వుట వంటిదే. వీరి అవసరములు ఒకదానితో నొకటి పోటీపడునవియు కావు. పాఠశాల రద్దీ పగటివేళకు పరిమితము, సాయంత్రము గంట కొట్టిన పిదప దాని దారి ఖాళీ. విశ్వవిద్యాలయ పరిశోధకుడు తన దత్తాంశపు మూటలను రాత్రివేళ పంపుకొనగలడు. ఆసుపత్రికి కావలసినది ఎడతెగకుండుట, అందును పంపు వేగము. 20 మెగాబైట్ల ఛాతీ ఎక్స్‌రే చిత్రమును తలంపుడు: అది 160 మెగాబిట్లు, సెకండునకు ఒకటిన్నర మెగాబిట్ల దారిలో జిల్లా ఆసుపత్రికి చేరుటకు దానికి సుమారు 107 సెకండ్లు పట్టును, నూరు మెగాబిట్ల దారిలో రెండు సెకండ్లు గూడ పట్టదు. ఇంటి కనెక్షన్లలో తఱచుగా దింపుకొను వేగము హెచ్చు, ఎక్కించు వేగము తక్కువ. సినిమా చూచువానికి అది చాలును గాని చిత్రము పంపవలసిన ఆసుపత్రికి చాలదు.

ఈ విధమైన కూటములలో ముందుగా చెప్పుకొనదగినది మిషిగన్ రాష్ట్రపు మెరిట్. 1966లో మిషిగన్ విశ్వవిద్యాలయము, మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయము, వేన్ స్టేట్ విశ్వవిద్యాలయము అను మూడును చేరి దానిని స్థాపించినవి. ఆంగ్లమున ఆ పేరు చివరి యక్షరము ‘ట్రయడ్’ అను మాటను, అనగా త్రయమును, సూచించును. మిషిగన్, మిషిగన్ స్టేట్ జట్లకు ఫుట్‌బాల్ మైదానమున గల వైరము ఆ రాష్ట్రమున పసిపిల్లలకు సైతము తెలిసినదే. ఆ రెంటిని ఒక పంక్తిని కూర్చుండబెట్టుటయే సగము విజయము. మిగిలిన సగము సాంకేతికము, అదియు సులభము కాదు. 1971 డిసెంబరులో మిషిగన్, వేన్ స్టేట్ విశ్వవిద్యాలయములు నెలకొనిన ఆన్ ఆర్బరు, డిట్రాయిట్ నగరములలోని ఐబీఎం యంత్రములు రెండును మాటాడుకొనినవి గాని, 1972లో ఈస్ట్ లాన్సింగ్‌లోని మిషిగన్ స్టేట్ వారి కంట్రోల్ డేటా యంత్రమును వానితో కలుపవలసి వచ్చినపుడు అసలు చిక్కు తలయెత్తినది: ఐబీఎం యంత్రము 32 బిట్ల పదముతోను, కంట్రోల్ డేటా యంత్రము 60 బిట్ల పదముతోను లెక్కలు సాగించును. ఒకరి కుంచము వేఱు, మఱొకరి మానిక వేఱు. ప్రతి పెద్ద యంత్రము ముంగిట పీడీపీ-11 అను చిన్న యంత్రము నొకదానిని నిలిపి, రాకపోకల బాధ్యతను దానికి అప్పగించి ఆ చిక్కును విడదీసిరి.

ఆ పనిలో చేయితిరిగినందువలననే, 1987లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ దేశవ్యాప్తమగు తన ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ వెన్నెముకను నడుపు బాధ్యతను ఐబీఎం, ఎంసీఐ సంస్థలతోను రాష్ట్ర ప్రభుత్వముతోను జతకట్టిన మెరిట్‌కు ఒప్పగించెను. 1988లో సెకండునకు ఒకటిన్నర మెగాబిట్లతో 13 కేంద్రములను కలిపిన ఆ జాలము, 1991 నాటికి 45 మెగాబిట్లకు పెరిగి, 1995 ఏప్రిల్ 30న వాణిజ్య సంస్థల జాలములకు తన తావును విడిచి నిష్క్రమించినది. ఇంత వైభవము గడచిన పిదప మెరిట్ మూతపడియుండిన ఎవరును వింతపడియుండరు. మూతపడలేదు. లాభాపేక్షలేని సభ్యసంస్థగా, ప్రభుత్వ విశ్వవిద్యాలయముల పాలకవర్గము క్రింద అది నేటికిని నడచుచున్నది. 2010లో కేంద్ర ప్రభుత్వ సహాయమును సంపాదించి గ్రామీణ మిషిగన్‌లో 2,287 మైళ్ల ఫైబర్‌ను వేయ పూనుకొన్నది. చందా చెల్లించువారే పాలకులై యుండుట ఈ దీర్ఘాయువునకు మూలమని నా నిర్ణయము. తెగిన తీగ ఎవరిదని అచ్చట ఎవరును ఒకరి ముఖ మొకరు చూచుకొననక్కరలేదు.

ఉత్తర కరోలినా కథ కొంత భిన్నము. అచ్చట 1980లో స్థాపితమైన ఎంసీఎన్‌సీ సంస్థ మొదట విశ్వవిద్యాలయములకును, తరువాత రాష్ట్ర శాసనసభ పూనికపై 115 పాఠశాలా మండలములకును జాలమును విస్తరించినది. ఆర్థిక మాంద్యమున 2009లో అమెరికా కాంగ్రెస్ చేసిన ఉద్దీపన చట్టము బ్రాడ్‌బ్యాండునకై 720 కోట్ల డాలర్లను కేటాయింపగా, దానినుండి తనకు లభించిన సుమారు 10 కోట్ల 40 లక్షల డాలర్లకు స్థానిక ధనమును జోడించి ఎంసీఎన్‌సీ 14 కోట్ల 40 లక్షల డాలర్ల నిర్మాణమునకు పూనుకొన్నది. ఆ స్థానిక ధనమున 2 కోట్ల 40 లక్షలు గోల్డెన్ లీఫ్ అను సంస్థ యిచ్చినది. ఆ బంగారుటాకు మఱేమియు కాదు, పొగాకు! సిగరెట్టు కంపెనీలు రాష్ట్రమునకు చెల్లించిన పరిహారములో సగమును, పొగాకు పంటపై బ్రతికి చితికిన మండలముల పునరుద్ధరణకై యుంచిన నిధి అది. వర్జీనియా పొగాకు బ్యారనుల పొగ నెఱిగిన గుంటూరు, ప్రకాశము జిల్లాల పాఠకునికి ఈ ముచ్చట ఊరక చెప్పుట లేదు. పొలము ఇచ్చిన సొమ్ము తీగగా మారి తిరిగి ఆ పల్లెకే చేరినపుడు, ఆ పల్లె ఆ తీగను పరాయిదిగా చూడదు.

వైద్యశాలల సంగతి ఇంతకంటె క్లిష్టము. 1996 నాటి అమెరికా టెలికమ్యూనికేషన్ల చట్టము పాఠశాలలకును గ్రంథాలయములకును పేదరికమును బట్టి 20 మొదలు 90 శాతము వఱకు రాయితీ కల్పించినది. గ్రామీణ వైద్యశాలలకు ప్రత్యేకించిన సహాయము మాత్రము చిరకాలము ఖర్చుగాక మిగిలిపోయెను. ఇద్దరు నర్సులతో నడచు పల్లె దవాఖానాలో ఆ దరఖాస్తులు నింపు తీరిక ఎవరికుండును? ఈ లోపమును గుర్తించి ప్రభుత్వమువారు 2006లో ప్రకటించి, మరుసటి యేడు 69 ప్రాంతీయ కూటములను ఎన్నుకొని, వ్యయములో 85 శాతము వఱకు భరించు ప్రయోగమొకటి నడపిరి. వానిలో అన్నియు గట్టెక్కలేదు. మిగిలిన 15 శాతమును సమకూర్చుకొనుటయే కొందఱికి గగనమైనది. ఆ పాఠము నేర్చిన పిదప 2012లో ఏర్పఱచిన స్థిరపథకమున ప్రభుత్వ భాగమును 65 శాతమునకు తగ్గించిరి! తొలిచూపునకు ఇది నిర్దయగా తోచును. నాకును అట్లే తోచినది. కాని 35 శాతము తన చేతినుండి పెట్టు ఆసుపత్రి, తనకు వలసినంత దారినే కొనును, బేరమాడును, తెగిన గంటకు నిలదీయును. కూటములలో నగరపు పెద్దాసుపత్రులు చేరవచ్చును గాని గ్రామీణ సంస్థలే అధిక సంఖ్యాకములై యుండవలయునను నియమము మఱింత చక్కనిది. దరఖాస్తు వ్రాయువారు నగరమున నుందురు, సంఖ్యాబలము పల్లెది.

ఇక మన వంక చూతము. 1986లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు తోడ్పాటుతో ఆరంభమైన ఎర్నెట్ మొదలుకొని, 2010లో 5,990 కోట్ల రూపాయలతో ఆమోదింపబడిన నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ వఱకు, ఉన్నత విద్యాసంస్థలను కలుపు పని కేంద్రము చేతులమీదుగనే సాగినది. దూరవైద్యమునకు సైతము మన నేల క్రొత్తది కాదు: చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వారి ఆసుపత్రికి ఇస్రో తోడ్పాటుతో కూర్చిన ఉపగ్రహ సంబంధమును, 2000 మార్చి 24న, హైదరాబాదునకు వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించెను. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నున్న ఉపగ్రహమునకు పోయి వచ్చుటలో ప్రశ్నకును సమాధానమునకును నడుమ అర సెకండు జాప్యము తప్పదు. తీగకు ఆ బెడద లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబర్‌నెట్, కందకములు మాని కరెంటు స్తంభములనే ఆశ్రయించి, సుమారు 23,800 కిలోమీటర్ల కేబులును 333 కోట్ల రూపాయలతో లాగినది. అనగా కిలోమీటరునకు 1 లక్ష 40 వేలు. ఇంత చౌకగా మఱియొకచోట జరిగినట్లు నేనెఱుగను. కాని స్తంభముపై నున్న తీగకు స్తంభము గతియే గతి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళమున వేల స్తంభములను నేలకూల్చిన దృశ్యము మఱపునకు రాదు. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే ఫైబర్ నాళములను గూడ పఱచుట వివేకవంతమైన పని. ఆ నేర్పును మెచ్చుకొని తీరవలయును. పల్లెలకు తీగ చేర్చు కేంద్ర పథకమగు భారత్‌నెట్ మొదట ఒకే వరుసలో పోయిన తీగను వలయముగా మార్చ సంకల్పించినది 2023లో మాత్రమే. వలయమైనచో ఒక వంక తెగినను రెండవ వంకనుండి దారి దొరకును.

ఇన్ని తీగలుండగా లోపమెక్కడ? రెండేండ్ల క్రిందట ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాల కంప్యూటరు గదిలో నిలుచుండి చూచితిని. గోడకు బిగించిన ఇనుప పెట్టె, దానిపై దుమ్ము, లోపల ఆకుపచ్చ దీపము వెలుగవలసిన చోట ఎఱ్ఱ దీపము. ఊరి వెలుపల రోడ్డు వెడల్పు చేయునపుడు జేసీబీ పండ్లకు చిక్కి కేబులు తెగి నాలుగు నెలలైనదట. బాగుచేయుట గంటన్నర పని: గాజుపోగు రెండు కొసలను నునుపుగా కోసి, స్ప్లైసింగ్ యంత్రమున ఎదురెదురుగా నిలిపినచో, ఒక్క మెఱుపులో రెండును కరగి యతుకుకొనును, నష్టము డెసిబెల్‌లో నూఱింట రెండు మూడు వంతులని తెరపై కనబడును. ఆ యంత్రము ఆ జిల్లాలో ఉన్నదో లేదో ప్రిన్సిపాలునకు తెలియదు. ఎవరికి ఫోను చేసితిరని అటెండరు నడిగితిని. “అది మాది కాదండీ, గవర్నమెంటోళ్లు పెట్టిపోయారు” అన్నాడు. అదియు ప్రభుత్వ కళాశాలయే! పిల్లలకు పాఠములు ఒక లెక్చరరు తన సెల్‌ఫోను హాట్‌స్పాట్‌పై చూపుచుండిరి.

జిల్లాకొక సభ్యసంఘము ఏర్పడి, అందు డిగ్రీ కళాశాలలు, ఏరియా ఆసుపత్రి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, ఉన్నత పాఠశాలలు తమ తమ శక్తికొలది చందా చెల్లించి, ఇద్దఱు జాయింటింగు నేర్పరులను, ఒక స్ప్లైసింగ్ యంత్రమును, ఒక వాహనమును, కొన్ని కిలోమీటర్ల కేబులును చేతిలో నుంచుకొనగలిగినచో, పైనున్న తీగ కేంద్రముదైనను రాష్ట్రముదైనను వారికి పెద్ద భేదముండదు. ఈ మాట ఆ ప్రిన్సిపాలుతో చెప్పగా ఆయన శ్రద్ధగా విని, చందా ఇచ్చుటకు అభ్యంతరము లేదు గాని బిల్లు ఏ పద్దు క్రింద వ్రాయవలయునని అడిగినారు. స్టేషనరీ క్రింద వ్రాసిన ఆడిట్‌వారు ఒప్పుకొనరు. కరెంటు బిల్లు క్రింద అసలే కుదరదు. మేమిరువురము ఆ పద్దుల పుస్తకమును అటునిటు త్రిప్పుచు చాలసేపు కూర్చుంటిమి.