మాటలు రాని శిశువును ప్రశ్నించుట ఎట్లు?

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవు బాటలో ఏ ఊరనైనను, ఏడాది నిండిన బిడ్డను చూచినవారు మొదట అడుగు ప్రశ్న "నడుచుచున్నాడా?" అని. "ఇంకను లేదు" అను తల్లి ముఖము చిన్నబోవును. ప్రక్కయింటి బిడ్డ పదవ నెలలోనే నడచినది గదా! ఈ తల్లి బెంగకు కారణమున్నదా?

బిడ్డ ఎదుగుదలను గుర్తించుటకు తెలుగువారి ఇండ్లలో ఒక ముచ్చటైన పద్ధతి కలదు. బోర్లపడినప్పుడు బొబ్బట్లు, గడప దాటినప్పుడు గారెలు, అడుగులు వేసినప్పుడు అరిసెలు పంచిపెట్టుదురు. ఒకదాని తరువాత ఒకటిగా వచ్చు ఈ మార్పుల వరుసను పెద్దలు చక్కగా గమనించిరి. కాని బిడ్డ ఏమి చూచుచున్నదో, ఏమి వినుచున్నదో పిండివంటలు చెప్పలేవు.

దానిని వ్రాసిపెట్టి గమనించినవారిలో చార్లెస్ డార్విన్ ముఖ్యుడు. 1839 డిసెంబరు 27న ఆయనకు మొదటి కుమారుడు పుట్టెను. ఏడవ దినమున అరికాలిని కాగితపు ముక్కతో తాకగా బిడ్డ కాలు లాగుకొని వ్రేళ్లు ముడిచెను. తొమ్మిదవ దినమున చూపు కొవ్వొత్తిపై నిలిచెను. 49వ దినమున రంగుల కుచ్చు అతనిని ఆకర్షించెను. ఈ దినచర్య ఆధారముగా డార్విన్ 1877లో ఒక వ్యాసము ప్రకటించెను. అయినను అది ఒక్క బిడ్డను గూర్చి ఒక తండ్రి చెప్పిన మాట మాత్రమే.

ఆళ్లగడ్డ శిల్పి ముందున్న చెక్కని రాయివలె నవజాత శిశువు ఏమియు ఎరుగదని చాలకాలము పలువురు తలచిరి. అమెరికాలో రాబర్ట్ ఫాంట్జ్ ఒక సులభమైన ఉపాయము కనుగొనెను. పడుకొన్న శిశువుకు పైన బొమ్మలు చూపి, చిన్న రంధ్రముగుండ కన్నులను పరిశీలించెను. కనుపాపలో ఏ బొమ్మ నీడ కనిపించునో బిడ్డ దానినే చూచుచున్నదన్నమాట. పుట్టి అయిదు దినములు దాటని శిశువులుకూడ వట్టి రంగుకంటె ముఖపు బొమ్మవంటి ఆకృతులనే ఎక్కువసేపు చూచినట్లు ఆయన 1963లో ప్రకటించెను. శిశువు చూపు దాదాపు 20 నుండి 30 సెంటీమీటర్ల దూరములో బాగుగ పనిచేయును. ఒడిలోని బిడ్డకు తల్లి ముఖము ఉండు దూరమదే!

వినికిడి సంగతి ఇంకను వింతైనది. "పాట", "పాత" అను మాటలలోని ట, త ధ్వనుల భేదము మనకు సహజము. ఆంగ్లము మాత్రమే ఎరిగినవారికి కష్టము. హిందీలోను ఈ భేదమే కలదు. కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనువారు 1984లో ఇట్టి హిందీ ధ్వనులను శిశువులకు వినిపించిరి. ధ్వని మారినప్పుడు తల త్రిప్పిన బిడ్డకు ఆటబొమ్మ కనిపించును. ఆంగ్లము మాటలాడు ఇండ్లలోని 6, 8 నెలల నడిమి శిశువులు భేదమును గుర్తించిరి. ఏడాది నిండువేళకు చాలమంది ఆ శక్తి కోల్పోయిరి. హిందీ ఇండ్ల శిశువులలో అది నిలిచినది. అనగా నోట మాట రాకముందే చెవి మాతృభాషకు అలవాటుపడుచున్నది.

కనుకనే వినికిడి లోపమును ఆలస్యముగా కనుగొనుట బిడ్డకు గొప్ప నష్టము. చెవిటి శిశువుకూడ తొలి నెలలలో ఊకొట్టును, నవ్వును. ఇంటివారికి అనుమానము రాదు. మొదటి నెలలో పరీక్ష, మూడవ నెలలోపల నిర్ధారణ, ఆరవ నెలలోపల తగిన సహాయము జరుగవలెనని నిపుణుల నియమము.

ఇక నడక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశము, ఘనా, నార్వే, ఓమన్, అమెరికాలలోని 816 మంది బిడ్డలను పరిశీలించి 2006లో ఫలితములు ప్రకటించినది. ఆరోగ్యవంతులైన బిడ్డలు ఒంటరిగా నడచుటకు 8.2 నుండి 17.6 నెలల వరకు వ్యవధి కలదు. నూటికి నలుగురు చేతులు, మోకాళ్లపై ప్రాకకయే నడచిరి.

కాబట్టి పదవ నెలలో నడచిన బిడ్డయు, పదునైదవ నెలలో నడచిన బిడ్డయు సరియైనవారే. ఆ తల్లికి నడకను గూర్చి అప్పుడే బెంగ వలదు. పదునెనిమిది నెలలు నిండినను నడవనిచో వైద్యునకు చూపవలెను. కాని పిలిచిన ప్రక్కకు తిరుగని బిడ్డ విషయమున ఒక్క నెలయైనను ఉపేక్షింపరాదు. విద్యార్థులారా, మీ ఇంట పసిబిడ్డ ఉన్నచో అరిసెలు తినుటతో సరిపెట్టక, డార్విన్ వలె ఒక పుస్తకములో తేదీలు వ్రాసిపెట్టుడు.