పేరా, తాళంచెవా? తొమ్మిది అంకెల కథ

మోసపోవడం గురించి మన తెలుగులో రెండు గమ్మత్తైన మాటలున్నాయి. రెండూ గుడి నుంచి వచ్చినవే. ఒకటి "నామం పెట్టడం", రెండోది "శఠగోపం పెట్టడం". గుడిలో పూజారిగారు తల మీద శఠగోపం పెడితే అది ఆశీర్వాదం. "వాడు నాకు శఠగోపం పెట్టాడు" అంటే మాత్రం డబ్బు పోయిందని అర్థం. రెండింటికీ ఒకే మాట ఎందుకా అని నేను చాలాసార్లు ఆలోచించాను. నాకు తోచింది ఇది: రెండింటిలోనూ మనంతట మనమే తల వంచుతాం.

ప్రతి వేసవిలో మా గుడిలో, కాలేజీకి వెళ్లబోయే పిల్లలకి ఒక శనివారం పూట చిన్న క్లాసు పెడతాం. అక్కడ ఆన్‌లైన్ మోసాల గురించి చెప్పడం నా వంతు. "అది నొక్కొద్దు, ఇది చెప్పొద్దు" అని జాబితా ఇస్తే పిల్లలు బుద్ధిగా తల ఊపి ఫోన్ చూసుకుంటారు. పైగా ఆ జాబితా వచ్చే ఏడాదికి పాతబడిపోతుంది. అందుకని నేను చరిత్ర చెప్తాను. ఆ చరిత్రనే ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. నా చదువంతా ఇంగ్లీషు మీడియం. తెలుగు చదవడం, రాయడం యాభై దాటాక సొంతంగా నేర్చుకున్నాను. కాబట్టి వాక్యాలు చిన్నవి. మీకూ అవే సులువు.

వేలిముద్ర

ముందు ఒక మాట నేర్చుకుందాం. "గుర్తు" అంటే ఆనవాలు. "గుర్తింపు" అంటే ఫలానా మనిషి ఇతనే అని తెలుసుకోవడం. మన ఊళ్లలో అందరూ అందరికీ తెలుసు. "ఎవరబ్బాయివి?" అని అడిగితే చాలు, గుర్తింపు అయిపోయేది. ముక్కూమొహం తెలియనివాళ్లతో లావాదేవీలు మొదలైనప్పుడే కాగితం, సంతకం, వేలిముద్ర కావలసి వచ్చాయి.

1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి ఒక కాంట్రాక్టు కాగితం మీద స్థానిక వ్యాపారి చేత అరచేతి ముద్ర వేయించాడు. తర్వాత "ఇది నా సంతకం కాదు" అనకుండా ఉండడానికి. 1877లో హుగ్లీలో మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు ఆయనే పింఛను తీసుకునేవాళ్ల వేలిముద్రలు వేయించడం మొదలుపెట్టాడు. ఎందుకంటే పింఛనుదారు చనిపోయినా, ఆయన పేరు చెప్పుకుని ఇంకెవరో వచ్చి డబ్బు తీసుకోగలరు. అంటే గుర్తింపు దొంగతనం కంప్యూటరుతో పుట్టలేదు. ఎదుటి మనిషి మొహం మనకు తెలియని రోజునే పుట్టింది.

1936: తొమ్మిది అంకెలు

ఇక అమెరికాకి వద్దాం. 1935 ఆగస్టు 14న రూజ్వెల్ట్ సోషల్ సెక్యూరిటీ చట్టం మీద సంతకం చేశాడు. 1936 నవంబరు నుంచి పోస్టాఫీసుల ద్వారా నంబర్లు ఇవ్వడం మొదలైంది. పని ఒక్కటే: ఎవరు ఎంత సంపాదించారో లెక్క రాసుకోవడం. ఒకే పేరుతో వేలమంది ఉంటారు కాబట్టి పేరుకు తోడు నంబరు.

ఇక్కడే ఒక ముచ్చట ఉంది. పిల్లలకి చాలా నచ్చుతుంది. 1938లో న్యూయార్క్ రాష్ట్రంలోని లాక్‌పోర్ట్ ఊళ్లో ఒక పర్సుల కంపెనీ ఉండేది. "మా పర్సులో మీ కొత్త కార్డు చక్కగా పడుతుంది" అని చూపించడానికి ప్రతి పర్సులోనూ ఒక నమూనా కార్డు పెట్టారు. దాని మీద వేసిన నంబరు కల్పితం కాదు. కంపెనీలోని ఒక పెద్ద ఉద్యోగి తన సెక్రటరీ నిజమైన నంబరునే అచ్చు వేయించాడు. పర్సులు వూల్‌వర్త్ దుకాణాల్లో దేశమంతా అమ్ముడయ్యాయి. కార్డు అసలుదానిలో సగం సైజే. ఎర్ర సిరాతో ఉంది. "నమూనా" అని అడ్డంగా రాసి కూడా ఉంది. అయినా కొన్నవాళ్లలో వేలమంది అదే తమ నంబరు అనుకున్నారు. 1943లో 5,755 మంది ఆ ఒక్క నంబరునే వాడుతున్నారు. మొత్తం మీద 40,000 మందికి పైగా వాడారని సోషల్ సెక్యూరిటీ శాఖ లెక్క. 1977లో కూడా 12 మంది వాడుతూనే ఉన్నారు! ఆ నంబరు రద్దు చేసి సెక్రటరీకి కొత్తది ఇచ్చారు.

వీళ్లలో ఎక్కువమంది దొంగలు కాదు. అమాయకులు. అయినా ఒక విషయం బయటపడింది. నంబరు చెప్పిన మనిషిదే ఆ నంబరా కాదా అని ఎవరూ చూడడం లేదు.

పేరు తాళంచెవి అయింది

మా అమ్మమ్మ బీరువా తాళంచెవి కొంగున ముడి వేసుకునేది. పేరు మాత్రం వీధిలో అందరికీ తెలుసు. పేరు ఉన్నది నలుగురికీ తెలియడానికి. తాళంచెవి ఉన్నది ఎవరికీ దొరకకుండా ఉండడానికి. ఒకే వస్తువు రెండూ కాలేదు.

సోషల్ సెక్యూరిటీ నంబరు మొదట పేరులాంటిది. 1943లో అధ్యక్షుడి ఆదేశంతో మిగతా ప్రభుత్వ శాఖలు కూడా దాన్ని వాడుకోవడానికి వీలైంది. 1962 నుంచి పన్నుల శాఖ, అంటే ఐఆర్ఎస్, వాడింది. తర్వాత బ్యాంకులు, ఆసుపత్రులు, ఇన్సూరెన్సు కంపెనీలు అడగడం మొదలుపెట్టాయి. చాలా విశ్వవిద్యాలయాలు దాన్నే విద్యార్థి నంబరుగా పెట్టుకున్నాయి. 1946 నుంచి కార్డు మీద "ఇది గుర్తింపు కోసం కాదు" అని అచ్చు వేసేవారు. ఎవరూ పట్టించుకోలేదు. 1972లో ఆ మాట తీసేశారు.

ఈలోగా అదే నంబరు తాళంచెవి కూడా అయింది. ఫోన్లో "మీ నంబరులో చివరి నాలుగు అంకెలు చెప్పండి" అంటారు. చెప్తే తలుపు తెరుస్తారు. ఊరంతా తిరిగిన నంబరు, అందరికీ తెలిసిన పేరులాంటి నంబరు, మన బీరువాకి తాళంచెవి! గుర్తింపు దొంగతనానికి మూలం ఇదే.

అమ్మ పుట్టింటి ఇంటిపేరు కూడా అంతే. బ్యాంకులు చాలాకాలం దాన్ని రహస్య ప్రశ్నగా అడిగాయి. మన తెలుగువాళ్లలో అది రహస్యమా? పెళ్లి శుభలేఖ తీసి చూడండి. రెండు వైపుల తాతల పేర్లు, ఇంటిపేర్లు, ఊర్లు అన్నీ ఉంటాయి. ఆ శుభలేఖని వాట్సాప్‌లో మూడొందల మందికి పంపిస్తాం.

2009లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు పరిశోధకులు ఇంకో సంగతి చూపించారు. పుట్టిన తేదీ, పుట్టిన రాష్ట్రం తెలిస్తే చాలామంది నంబర్లలో మొదటి అయిదు అంకెలు ఊహించవచ్చు. ముఖ్యంగా 1988 తర్వాత పుట్టినవాళ్లవి. 2011 జూన్ 25 నుంచి నంబర్లు ఒక వరస లేకుండా ఇస్తున్నారు. కానీ ఈ ఏడాది కాలేజీకి వెళ్తున్న పిల్లలు 2011కి ముందు పుట్టినవాళ్లే కదా. ఇక్కడ పుట్టినవాళ్లకి పాత పద్ధతి నంబర్లే.

ఇండియాలోనూ ఈ చిక్కు వచ్చింది. 2018లో తెలంగాణలో ఒక కేసు బయటపడింది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో భూమి దస్తావేజులు ఉన్నాయి. వాటి మీద జనం వేలిముద్రలు ఉన్నాయి. ఆ ముద్రలకి రబ్బరు నకళ్లు తీసి, వాటితో సిమ్ కార్డులు యాక్టివేట్ చేశారని పోలీసులు చెప్పారు. హెర్షెల్ మోసం ఆపడానికి వేయించిన వేలిముద్రే మోసానికి పనిముట్టు అయింది. నంబరైతే మార్చుకోవచ్చు. వేలు ఎక్కడ మార్చుకుంటాం?

పాత ఉత్తరం, కొత్త కవరు

నంబరు దొంగిలించడం ఒక దారి. మన చేతే ఇప్పించుకోవడం ఇంకో దారి. ఇదీ పాతదే.

19వ శతాబ్దంలో "స్పానిష్ ఖైదీ" ఉత్తరాలు అని వచ్చేవి. "ఒక ధనవంతుడు స్పెయిన్ జైల్లో ఉన్నాడు. విడిపించడానికి కొంచెం డబ్బు పంపండి. ఆస్తిలో మీకూ వాటా ఇస్తాడు. ఎవరికీ చెప్పకండి." డబ్బు పంపితే ఇంకో అడ్డంకి, ఇంకో ఖర్చు. 1980ల తర్వాత అదే ఉత్తరం నైజీరియా నుంచి ఫ్యాక్సులో, తర్వాత ఈమెయిల్లో వచ్చింది. ఆ దేశపు శిక్షాస్మృతిలోని సెక్షన్ నంబరును బట్టి దానికి "419" అని పేరు. 1990ల మధ్యలో కొందరు అమెరికా ఆన్‌లైన్ సంస్థ ఉద్యోగులమని చెప్పుకుని, వాడకందారుల పాస్‌వర్డులు అడగడం మొదలుపెట్టారు. "ఫిషింగ్" అనే మాట అప్పుడు పుట్టింది. మన తెలుగులో దీనికి మంచి మాట ఉంది: గాలం వేయడం.

ఇప్పుడు విద్యార్థులకి వచ్చే గాలం ఇలా ఉంటుంది. ప్రొఫెసర్ పేరుతో పార్ట్‌టైమ్ ఉద్యోగం. ముందే 2,000 డాలర్ల చెక్కు పంపిస్తారు. "దీనిలో 300 నువ్వు ఉంచుకో. మిగతాది ఫలానావాళ్లకి పంపు." బ్యాంకులో చెక్కు వేస్తే ఒకటి రెండు రోజుల్లో డబ్బు ఖాతాలో కనిపిస్తుంది. ఎందుకంటే చెక్కు డబ్బు త్వరగా వాడుకోనివ్వాలని 1987 నాటి చట్టం ఉంది. కనిపించడం వేరు, చెక్కు చెల్లడం వేరు. అది దొంగ చెక్కని తేలడానికి వారాలు పట్టవచ్చు. అప్పుడు బ్యాంకు ఆ 2,000 విద్యార్థి దగ్గరే వసూలు చేస్తుంది. మా క్లాసులో పిల్లలు నిటారుగా కూర్చునేది ఈ మాట దగ్గరే.

మనవాళ్ల కథలు

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద అధికారులు దాడి చేశారు. విద్యార్థులు వెయ్యి మందికి పైనే. ఎక్కువమంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన మన పిల్లలు. కాగితాల మీద సగం మందికి పైగా ఒకే అపార్ట్‌మెంటులో ఉంటున్నట్టు రాసి ఉంది. కొందరి కాళ్లకి ఎలక్ట్రానిక్ పట్టీలు కట్టారు. 2014లో ఆ సంస్థ స్థాపకురాలికి 16 ఏళ్లు దాటిన జైలు శిక్ష పడింది. తమ పేరు మీద ప్రభుత్వ రికార్డులో ఏం రాసి ఉందో ఎంతమంది విద్యార్థులు ఒక్కసారైనా చూసుకుని ఉంటారు? నేను క్లాసులో ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతాను.

2016 అక్టోబరులో అమెరికా న్యాయశాఖ 56 మంది మీద, ఇండియాలోని 5 కాల్ సెంటర్ల మీద నేరారోపణ పెట్టింది. ఐఆర్ఎస్ నుంచి, ఇమిగ్రేషన్ నుంచి అని చెప్పి, "ఇప్పుడే కట్టకపోతే అరెస్టు చేస్తాం, దేశం నుంచి పంపించేస్తాం" అని బెదిరించారు. బాధితులు వేలమంది. వీసా మీద ఉన్నవాడికి ఆ మాట ఎలా తగులుతుందో మనకు వేరే చెప్పాలా? ఒక్కటి గుర్తుంచుకోండి: ఏ ప్రభుత్వ శాఖా గిఫ్టు కార్డులతో డబ్బు కట్టమనదు.

ఈమధ్య గొంతులే నకలు చేస్తున్నారు. 2023 మార్చిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీని గురించి హెచ్చరించింది. ఇది చెప్పేటప్పుడు నేను పిల్లలకి మారీచుడిని గుర్తుచేస్తాను. అచ్చం రాముడి గొంతుతోనే అరిచాడు. సీతమ్మ నమ్మింది. లక్ష్మణుడు నమ్మలేదు. గొంతులో తేడా కనిపెట్టి కాదు. అన్నయ్య అలా కేకలు వేసే మనిషి కాదని తెలిసి. గొంతు కాదు, సంగతి చూడాలి.

ఇప్పుడు ఏం చేయాలి

1998లో అమెరికాలో గుర్తింపు దొంగతనాన్ని ప్రత్యేక నేరంగా చట్టం చేశారు. 2017లో ఈక్విఫాక్స్ నుంచి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. అంటే మన తొమ్మిది అంకెలు ఇప్పటికే ఎవరి దగ్గరో ఉన్నాయనుకుని నడుచుకోవడం మంచిది. దాచడం మన చేతిలో లేదు. ఆ తాళంచెవి పనిచేయకుండా చేయడం ఉంది. దాని పేరు క్రెడిట్ ఫ్రీజ్. 2018 సెప్టెంబరు 21 నుంచి ఇది ఉచితం. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటిలోనూ విడివిడిగా చేయాలి. ఫ్రీజ్ ఉన్నంతకాలం అప్పు ఇచ్చేవాళ్లకి మన క్రెడిట్ ఫైలు తెరుచుకోదు. కాబట్టి మన పేరు మీద కొత్త అప్పు పుట్టించడం దొంగకి చాలా కష్టం. మనకే కార్డు కావాలంటే కాసేపు తీసి మళ్లీ పెట్టుకోవచ్చు. 16 ఏళ్లలోపు పిల్లలకి తల్లిదండ్రులు చేయించవచ్చు. పిల్లల నంబరు దొంగకి ఇష్టం, ఎందుకంటే 18 ఏళ్లు వచ్చేదాకా ఎవరూ చూడరు.

చివరిగా పిల్లలకి కాదు, పెద్దలకి ఒక మాట. స్పానిష్ ఖైదీ ఉత్తరం నుంచి నిన్నటి ఫోన్ కాల్ దాకా ఒక వాక్యం మారలేదు: "ఎవరికీ చెప్పొద్దు." మన ఇళ్లలో ఆ వాక్యానికి మనమే బలం ఇస్తున్నాం. "నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది" అంటాం. "ఇంత చదివి ఇలా ఎలా మోసపోయావు?" అని తిడతాం. అందుకే పిల్లవాడు మొదటి 500 డాలర్లు పోయినప్పుడు చెప్పడు. అది దాచుకోవడానికి ఇంకో 2,000 పోగొట్టుకుంటాడు. బ్యాంకుకి వెంటనే ఫోన్ చేస్తే ఆగే డబ్బు, మూడు వారాల తర్వాత ఆగదు.

కాబట్టి కాలేజీకి సామాను సర్దేటప్పుడు ఆవకాయ సీసాతో పాటు ఈ మాట కూడా ఇచ్చి పంపండి: "ఎవరు ఏమని బెదిరించినా, ఎంత రాత్రయినా, ముందు మాకు ఫోన్ చెయ్యి. తిట్టం." ఆ చివరి మాట మీద నిలబడాల్సింది మనం.