రామతీర్థ గిరిదర్శనం



మన పూర్వులు కొండమీద దైవాన్ని దర్శించారు. కొండనే దైవంగా కొలిచారు. తిరుమల, శ్రీశైలం, సింహాచలం, అహోబిలం అందరూ ఎరిగిన గిరిక్షేత్రాలే. వాటివలె పెద్ద పేరు లేకపోయినా, చరిత్రలో వాటికి తీసిపోని కొండలు మన పల్లెల నడుమ ఎన్నో ఉన్నాయి. అట్టివాటిలో రామతీర్థం ఒకటి. విజయనగరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, చంపావతీ తీరాన ఉన్న నెల్లిమర్ల దాటి పొలాల నడుమ సాగితే, నల్లని బండలతో మూడు కొండలు ఎదురవుతాయి. అవి బోధికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ. కొండల చెంత గ్రామంలో సీతాలక్ష్మణ సమేతుడై శ్రీరామచంద్రమూర్తి కొలువై ఉన్నాడు.

యాత్రికులలో చాలామంది స్వామిని దర్శించి, తీర్థప్రసాదాలు స్వీకరించి, అటునుండి అటే వెనుదిరుగుతారు. కొండల పేర్లను ఒక్కసారి తలచినా ఆశ్చర్యం కలుగక మానదు. రాముని క్షేత్రంలో ‘బోధి’ అనే మాట ఎక్కడిది? ‘గురుభక్తులు’ ఎవరు? ఈ ప్రశ్నలకు సమాధానం కొండలమీదనే ఉన్నది.

ముందుగా గురుభక్తులకొండను చూద్దాం. ఒకవైపు నిట్టనిలువుగా లేచిన బండ, మరొకవైపు లోయ, నడుమ సన్నని చట్టు. ఆ ఇరుకైన చోటనే ఒకప్పుడు బౌద్ధ భిక్షువుల సంఘారామం వెలసింది. పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండర్ రీ 1908-1911 సంవత్సరాల మధ్య ఇక్కడ త్రవ్వకాలు జరిపించగా స్తూపం, చైత్యగృహాలు, భిక్షువుల నివాసపు గదుల పునాదులు బయటపడ్డాయి. నాణేలు, మట్టి ముద్రలు కూడ దొరికాయి. జనసమ్మర్దానికి దూరంగా, భిక్షకు గ్రామం అందేటంత దగ్గరగా ఉండే చోటును సాధకులు కోరుకొనేవారు. వానకాలంలో సంచారం మాని ఒకచోట నిలిచి సాధన చేయడం బౌద్ధులకు వర్షావాసం. జైనులకు, మన సన్న్యాసులకు చాతుర్మాస్యం. పేర్లు వేరైనా నియమం ఒక్కటే. ఆ నియమానికి ఇటువంటి కొండలే ఆశ్రయమిచ్చాయి.

బౌద్ధం క్షీణించిన పిమ్మట కొండలు శూన్యం కాలేదు. జైన మునులు ఇక్కడికి వచ్చారు. తీర్థంకరుల శిల్పాలు ఈ కొండలమీద నేటికీ కానవస్తాయి. దుర్గకొండమీద ఒక గుహలో తూర్పు చాళుక్య ప్రభువైన విమలాదిత్యుని కాలపు శాసనమున్నది. ఆయన 1011 మొదలు 1018 వరకు వేంగి రాజ్యాన్ని పాలించాడు. దేశీగణానికి చెందిన త్రికాలయోగి సిద్ధాంతదేవముని అనే జైనాచార్యుడు ‘రామకొండ’కు భక్తితో నమస్కరించాడని ఆ శాసనం తెలుపుతున్నది.

విమలాదిత్యుడెవరో తెలుగువారికి వేరుగా చెప్పవలసిన పని లేదు. ఆంధ్రమహాభారత రచనకు నన్నయభట్టారకుని నియోగించిన రాజరాజనరేంద్రుడు ఆయన కుమారుడే. తంజావూరు బృహదీశ్వరాలయాన్ని నిర్మించిన రాజరాజచోళుని కుమార్తె కుందవ్వ ఆయన పట్టమహిషి. ఇంట శివభక్తి, కుమారుని కొలువులో పంచమవేదపు తెలుగుసేత, రాజ్యంలో జైనమునికి గుహాశ్రయం. ఈ మూడూ ఒక్క వంశపు కథలో కనబడుతున్నాయి.

ఆ శాసనంలో మనం ముఖ్యంగా గమనించవలసినది ‘రామకొండ’ అనే పేరు. నేడు మనం కొలిచే ఆలయం పూసపాటి ప్రభువుల ఆదరణలో వృద్ధి పొందినది. అది ఇటీవలి శతాబ్దాల మాట. పేరు మాత్రం వేయి సంవత్సరాల నాటిదని రాయి సాక్ష్యమిస్తున్నది. ఒక్క పేరును బట్టి నాడే ఇక్కడ ఆలయముండెనని నిర్ణయించడం తగదు. కాని ఆనాటి జనులు ఈ కొండను రాముని పేరుతో పిలిచారనడానికి, వేరు మతానికి చెందిన ముని ఆ పేరునే చెప్పి మ్రొక్కాడనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

స్థలపురాణం మరొక తీరున చెబుతుంది. వనవాసకాలంలో పాండవులకు శ్రీకృష్ణుడు సీతారామలక్ష్మణుల మూర్తులను ప్రసాదించాడట. వారు వాటిని వేదగర్భుడనే భక్తునికి అప్పగించారు. కాలాంతరంలో ఆ మూర్తులు నీటిలో మరుగుపడ్డాయి. ఒక మూగ వృద్ధురాలికి స్వామి సాక్షాత్కరించి మాట అనుగ్రహించి తన ఉనికిని తెలిపాడనీ, పూసపాటి ప్రభువు ఆ మూర్తులను నీటినుండి వెలికితీయించి ప్రతిష్ఠించాడనీ, తీర్థంలో లభించిన రాముడు గనుక రామతీర్థమన్న పేరు వచ్చిందనీ పెద్దలు చెబుతారు. పురాణాన్ని చరిత్రతో తూచి తగ్గించనక్కరలేదు. రాయి కాలాన్ని చెబుతుంది. పురాణం జనుల హృదయాన్ని చెబుతుంది. మరుగుపడినది మరల వెలుగుచూడటం అనే ఒక్క మాటే రెండింటిలోను వినబడుతున్నది.

ఈ క్షేత్రంలో శ్రీరామనవమి, భీష్మైకాదశి ఉత్సవాలతో పాటు మహాశివరాత్రి కూడ వైభవంగా జరుగుతుంది. రామాలయం చెంతనే సదాశివుడు పూజలందుకొంటున్నాడు. శివరాత్రి జాగరణకు చుట్టుప్రక్కల పల్లెలనుండి రైతు కుటుంబాలు రాముని సన్నిధికి తరలివస్తాయి. హరిహరభేదం ఎంచని ఈ ఆచారం ఆ కొండల చరిత్రకు తగినట్లే ఉన్నది.

ఇంతటి కాలాన్ని దాటి నిలిచిన రాయి కూడ మనిషి చేతికి సులువుగా లోబడుతుంది. 2020 డిసెంబరు చివరలో బోధికొండమీది కోదండరామాలయంలో స్వామి విగ్రహాన్ని దుండగులు ఖండించారు. ఆ వార్త విని కలత చెందని తెలుగు గుండె లేదు. అనంతరం ఆలయాన్ని పునర్నిర్మించి 2022 ఏప్రిల్‌లో నూతన మూర్తులను ప్రతిష్ఠించారు. విగ్రహానికి పునఃప్రతిష్ఠ శాస్త్రంలో ఉన్నది. శాసనానికి, శిథిలమైన స్తూపానికి అట్టి విధి లేదు. చెరిగిన అక్షరం మరల పుట్టదు.

కావున భక్తులకు మా మనవి ఒక్కటే. కొండ ఎక్కేటప్పుడు చెప్పులు విడిచినట్లే మన పేరు వ్రాసుకోవాలన్న కోరికను కూడ క్రిందనే విడిచిపెడదాం. గుహగోడలమీద బొగ్గుతో, సుద్దతో, రంగుతో వ్రాయవద్దు. శాసనాలమీద నూనె పోయవద్దు, సున్నం పూయవద్దు. పాత ఇటుకను ఇంటికి తీసుకొని పోవద్దు. నిధుల ఆశతో శిథిలాలను త్రవ్వేవారు కనబడితే గ్రామపెద్దలకు, అధికారులకు తెలియజేయాలి. పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళి, ఇది భిక్షువులు నివసించిన చోటు, ఇది జైనముని మ్రొక్కిన కొండ, ఇది మన రామయ్య సన్నిధి అని చూపించాలి. అది కూడ భగవత్సేవయే.

నాడు త్రికాలయోగి తన దైవం పేరు లేని కొండకు కూడ తలవంచాడు. రామభక్తులమైన మనకు, రాముని పేరే పెట్టుకొన్న కొండను పదిలంగా మన బిడ్డలకు అందించడం కర్తవ్యం కాదా?

శ్రీరామచంద్రుడు మనకందరికి ఆ సద్బుద్ధిని అనుగ్రహించుగాక!

స్వస్తి.