వేట రైఫిల్‌కు గురి పోటీలో చోటు

1860 జూలైలో లండన్ శివార్లలోని వింబుల్డన్ మైదానంలో బ్రిటిష్ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ తొలి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించింది. చట్రానికి బిగించి, ముందే గురి సరిచూసి ఉంచిన విట్‌వర్త్ రైఫిల్ ట్రిగ్గర్‌కు కట్టిన పట్టుతాడును ఆమె లాగింది. 400 గజాల దూరంలోని గురిపలకలో నట్టనడుమకు ఒకటిన్నర అంగుళం దగ్గరగా తూటా తగిలింది. ఆ తర్వాత నూరేళ్లపాటు గురి క్రీడ ఆ చట్రం వైపే నడిచింది. తుపాకీ కదలకూడదు, తేలిక ట్రిగ్గర్ కావాలి, బారెల్ బరువుగా ఉండాలి. వీటి కోసం అరచేతిని ఆన్చే ఊతలు, భుజానికి కొక్కెంలా తగులుకునే బట్‌లు, ఒంటిని బిగించే కోట్లు వచ్చాయి. అంతర్జాతీయ 300 మీటర్ల పోటీలో ఫ్రీ రైఫిల్‌ను 8 కిలోల వరకు అనుమతిస్తారు. అంత బరువును భుజాన వేసుకుని రోజంతా కొండలెక్కి వేటాడే మనిషి ఉండడు. అలా ఒకే మూలం నుంచి వచ్చిన రెండు తుపాకులు విడిపోయాయి. క్లబ్బు ఉన్న ఊరిలోనే వేటకు వెళ్లేవాళ్లు ఉన్నా, తమ రైఫిల్ పట్టుకుని ఆ క్లబ్బు గడప తొక్కడానికి వాళ్లకు కారణం లేకుండా పోయింది. వాళ్లను లోపలికి పిలవడానికి పుట్టిందే వేట రైఫిల్ విభాగం. ఇది ఒక్కచోట, ఒక్కసారి పుట్టింది కాదు. పుట్టిన ప్రతిచోటా నిర్వాహకుల ముందు నిలిచిన ప్రశ్న మాత్రం ఒక్కటే: ఈ విభాగం హద్దును తుపాకీ కొలతలతో గీయాలా, గురి పెట్టే పనితో గీయాలా? పనితో గీసినచోటే అది వేట రైఫిల్ విభాగంగా మిగిలిందని దాని చరిత్ర చూస్తే నాకు గట్టిగా అనిపిస్తోంది.

మొదటి సాక్ష్యం పరుగెత్తే దుప్పి. 1908 లండన్ ఒలింపిక్స్‌లో 110 గజాల దూరాన దుప్పి ఆకారంలోని పలకను పట్టాల మీద పరుగెత్తించారు. సుమారు 23 మీటర్ల ఖాళీని అది నాలుగు సెకన్లలో దాటిపోయేది. ఆ నాలుగు సెకన్లలోనే తుపాకీ భుజానికెత్తి, దుప్పికి కాస్త ముందుగా గురి పెట్టి కాల్చాలి. చట్రంలాంటి బరువైన తుపాకీ ఇక్కడ అడ్డమే తప్ప సాయం కాదు. స్వీడన్‌కు చెందిన ఆస్కార్ స్వాన్ 60 ఏళ్ల వయసులో ఈ పోటీలో బంగారు పతకం గెలిచాడు. 64 ఏళ్లకు స్టాక్‌హోమ్‌లో జట్టు బంగారం, 72 ఏళ్లకు యాంట్‌వెర్ప్‌లో జట్టు వెండి పతకం అందుకున్నాడు. ఒలింపిక్స్ చరిత్రలో అంత వయసులో పతకం గెలిచిన క్రీడాకారుడు మరొకరు లేరు. ఆ పోటీ తర్వాతి కథ కూడా చెప్పుకోవాలి. 1956 తర్వాత ఒలింపిక్స్‌లో దుప్పి కనబడలేదు. 1972లో దాని స్థానంలో 50 మీటర్ల దూరాన పరుగెత్తే అడవిపంది వచ్చింది, చేతిలోకి పాయింట్ 22 రైఫిల్ వచ్చింది. 1992 నుంచి దూరం 10 మీటర్లకు తగ్గి, ఎయిర్ రైఫిల్ వచ్చింది. 2004తో అదీ ఒలింపిక్స్ నుంచి పోయింది. వేట తూటా అవసరం పోగానే వేట రైఫిల్ పోయింది. ఇక కావలసింది ఆ పోటీ కోసమే చేసిన ప్రత్యేక తుపాకీ.

రెండో సాక్ష్యం అమెరికాలోని బెంచ్‌రెస్ట్ క్రీడ. బల్ల మీద ఇసుక సంచులు పేర్చి, వాటిపై రైఫిల్ ఆనించి, తూటా రంధ్రాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయేలా కాల్చడమే ఈ ఆట. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1947లో న్యూయార్క్ రాష్ట్రంలోని జాన్స్‌టౌన్‌లో దీనికి జాతీయ సంఘం ఏర్పడింది. మొదట్లో బరువుకు హద్దు లేదు, మనిషి ఎత్తలేని తుపాకులు కూడా వచ్చాయి. ఇక్కడ నేర్చుకున్న కచ్చితత్వం వేటగాడి రైఫిల్‌కు అందాలన్న మంచి ఉద్దేశంతో తర్వాత బరువు విభాగాలు పెట్టారు. పొలాలు తవ్వే చిన్న జంతువులను కొట్టే రైఫిళ్ల కోసం వార్మింట్ విభాగాలు, మామూలు వేట రైఫిల్ కోసం స్పోర్టర్ విభాగం. స్పోర్టర్‌కు బరువు పదిన్నర పౌండ్లు, అంటే 4.76 కిలోలు దాటకూడదు, తూటా వ్యాసం కనీసం 6 మిల్లీమీటర్లు ఉండాలి. కాగితం మీద చూస్తే ఇది వేట రైఫిలే. తేలిక వార్మింట్‌కూ బరువు హద్దు అదే. 1970ల నడుమ లూయీ పాల్మిసానో, ఫెరిస్ పిండెల్ అనే ఇద్దరు 6 పీపీసీ అనే పొట్టి తూటాను తయారుచేశారు. దాని వ్యాసం సరిగ్గా 6 మిల్లీమీటర్ల తరగతిలోకి వచ్చింది. దాంతో ఒకే తుపాకీ రెండు విభాగాల్లోనూ దిగింది, రెండింటికీ తేడా పేరులోనే మిగిలింది.

సంఘాలు ఊరుకోలేదు. హంటర్ క్లాస్ పేరుతో ఇంకో విభాగం తెచ్చి ఈసారి కంచె ఎత్తుగా కట్టాయి. బరువు 10 పౌండ్లు దాటకూడదు, స్కోప్ ఆరు రెట్లకు మించకూడదు, పనిచేసే మ్యాగజైన్ ఉండాలి, తూటా గొట్టంలో కనీసం పాత పాయింట్ 30-30 వేట తూటాకు పట్టేంత మందు పట్టాలి. దానికి జవాబుగా ఆ కనీస కొలతకు సరిగ్గా సరిపోయేలా గొట్టాలు చేయించుకున్నారు. వాటిలో ఒకదాని పేరులోనే హంటర్ బెంచ్‌రెస్ట్‌కు గుర్తుగా పొడి అక్షరాలు చేర్చారు. వేట కోసం ఎవరూ కొనని వేట తూటా అది. ఈ మనుషులను నేను తప్పుపట్టను. నియమం రాసినవాడు కొలతలు అడిగాడు, పోటీదారు కొలతలే ఇచ్చాడు. బల్ల, ఇసుక సంచి, నిశ్చలమైన కాగితం అలాగే ఉన్నంతకాలం తుపాకీకి ఎన్ని షరతులు పెట్టినా అది ఆ బల్లకు తగ్గట్టే మారుతుంది.

మూడో సాక్ష్యం మెక్సికోది, నాకు అన్నిటికన్నా విలువైనది. అక్కడి పల్లెల్లో పండుగల వేళ బతికున్న కోళ్లను, గొర్రెలను దూరాన కట్టేసి కాల్చే పందేలు ఉండేవి. 1948లో మెక్సికో నగరంలో డాన్ గొంజాలో అగిలార్ ఆ జంతువుల స్థానంలో ఇనుప ఆకారాలు నిలబెట్టి పోటీ పెట్టాడు. 200 మీటర్ల దగ్గర కోడి, 300 దగ్గర అడవిపంది, 385 దగ్గర టర్కీ కోడి, 500 దగ్గర పొట్టేలు. పోటీదారు ఏ ఊతా లేకుండా, పట్టీ కూడా వాడకుండా నిలబడి కాల్చాలి. ఐదు ఆకారాలకు ఐదు తూటాలు, రెండున్నర నిమిషాలు. తగిలితే చాలదు, ఆకారం పీట మీంచి కింద పడాలి. ఈ చివరి షరతులోనే అసలు తెలివి ఉంది. 500 మీటర్లు వెళ్లాక కూడా బరువైన ఇనుప పొట్టేలును పడగొట్టాలంటే చిన్న తూటా చాలదు. పెద్ద తూటా వాడితే వెనక్కి తన్నుతుంది, ఆ తన్నుకు భయపడేవాడు ట్రిగ్గర్‌ను కుదుపుతాడు. మరీ తేలికైన రైఫిల్ చేతిలో నిలవదు, మరీ బరువైతే చేయి అలసిపోతుంది. ఈ లెక్కలన్నీ తేల్చి చివరికి మనిషి చేరేది పాయింట్ 308 లాంటి వేట తూటా దగ్గరకు, భుజాన మోయగలిగిన రైఫిల్ దగ్గరకు. కొలబద్ద పట్టుకుని ఏ అధికారీ నిలబడనక్కర్లేకుండా ఆ పని ఇనుప పొట్టేలే చేసింది. సరిహద్దు దాటి ఈ ఆట అరిజోనాకు చేరింది. 1973 నాటికి అమెరికా నేషనల్ రైఫిల్ అసోసియేషన్ దాన్ని తన పోటీల్లో చేర్చుకుంది.

ఇక్కడ గట్టి అభ్యంతరమే వస్తుంది. ఇనుప ఆకారాల ఆటలోనూ ప్రత్యేక తుపాకులు వచ్చాయి కదా? వచ్చాయి. 4.6 కిలోల హద్దు దాకా బరువు పెంచి, బారెల్ మందం చేసి, చెంప ఆనే చెక్క పైకెత్తి, వెంట్రుకవాసి ట్రిగ్గర్లు పెట్టారు. అందుకే అక్కడ కూడా విడిగా వేట రైఫిల్ విభాగం పెట్టాల్సి వచ్చింది. దానిలో స్కోప్‌తో కలిపి 9 పౌండ్లు, అంటే సుమారు 4.1 కిలోలు, ట్రిగ్గర్ లాగుడు కనీసం రెండు పౌండ్లు, అంటే 900 గ్రాములకు పైన. కాబట్టి తూకం అక్కర్లేదని నేను అనను. తూకం లేకపోతే డబ్బున్నవాడు కొన్న తుపాకే గెలుస్తుంది, కొత్తవాడు రెండో పోటీకి రాడు. కానీ ఈ రెండు ఆటల్లో తుపాకీ ఎంత దూరం జరిగిందో పక్కపక్కన పెట్టి చూడాలి. ఆకారాల పోటీకి ప్రత్యేకంగా చేయించిన రైఫిల్‌ను కూడా కావాలంటే అడవికి తీసుకెళ్లవచ్చు, బల్ల మీది హంటర్ రైఫిల్‌ను తీసుకెళ్లే ఆలోచనే రాదు. పని సరిగా ఉంటే తూకం సాయపడుతుంది. పని తప్పుగా ఉంటే తూకం ఒక్కటే ఏమీ కాపాడలేదు.

రెండో అభ్యంతరం నైతికమైనది, నేను తేలిగ్గా తీసుకోను. జంతువు ఆకారంపై గురి పెట్టించడం చంపడాన్ని ఆటగా నేర్పడం కాదా? 1900 పారిస్ ఒలింపిక్స్‌లో బతికున్న పావురాలను ఎగరేసి కాల్చారు. మెక్సికోలో గొర్రెను కట్టేశారు. పలక, ఇనుము వచ్చి ఆ ప్రాణుల స్థానంలో నిలిచాయి. ఈ విభాగం పుట్టుకలోనే ఉన్న సంగతి ఇది. వేట చట్టబద్ధంగా సాగే దేశాల్లో ఇంకో లాభం ఉంది. నార్వేలో పెద్ద జంతువులను వేటాడాలంటే ఏటా పరీక్ష పాసు కావాలి. ముందు కనీసం 30 సాధన తూటాలు, తర్వాత దుప్పి బొమ్మ మీద ఐదు, ఆ ఐదూ గీసిన గీతలోపలే పడాలి. గాయపడి పొదల్లో నాలుగు రోజులు నరకం అనుభవించి చచ్చే జంతువు గురించి ఆలోచించినవాళ్లు రాసిన నియమం అది. వేటే వద్దన్నది వేరే వాదన. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం దాన్ని తేల్చేసింది, అందుకు నేను సంతోషిస్తాను. లండన్ 2012లో గగన్ నారంగ్‌కు కాంస్యం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిలే హైదరాబాద్ పిల్లలకు గురి క్రీడ. ఇక్కడి క్లబ్బుకు వేట రైఫిల్ విభాగం తెచ్చిపెట్టాల్సిన అవసరం లేదు. వేట సాగేచోట మాత్రం సాధన లేని వేటగాడి కంటే సాధన ఉన్న వేటగాడు మేలన్నది కాదనలేని మాట.

అలాంటి చోట ఏదైనా క్లబ్బు ఈ విభాగాన్ని కొత్తగా పెట్టాలనుకుంటే మొదట రాయాల్సింది బరువు అంకె కాదు, తూటాల సంఖ్య. వేట రైఫిల్ బారెల్ సన్నగా ఉంటుంది, వరసగా కాలిస్తే త్వరగా వేడెక్కి గురి పక్కకు జరుగుతుంది. ఇరవై తూటాల వరస పెట్టారంటే మందపు బారెల్‌ను పిలిచినట్టే. వేటగాడికి దక్కేది చల్లని బారెల్ నుంచి వెళ్లే తొలి తూటా, మహా అయితే రెండోది. కాబట్టి సర్దుబాటు తూటాలు లేకుండా మొదటి దానికే మార్కులు వేయాలి, వరస ఐదుకు మించకూడదు, జర్మన్ వేట పోటీల్లోలా నిలబడి చేతికర్ర ఆసరాతో కాల్చడానికి చోటివ్వాలి, బల్లలు గురి సరిచూసుకునే మూలకు పరిమితం కావాలి. ఆ తర్వాత 4 కిలోలు అన్నా, నాలుగున్నర అన్నా, గోడ మీంచి దించిన పాత రైఫిల్‌తో వచ్చినవాడు తొలి రోజే పోటీలో ఉంటాడు.