ఎర్రరంగు పేటల ఆస్తిలెక్క

కష్టపడి చదువుకుంటే నల్లజాతివాళ్లు మాత్రం ఎందుకు పైకి రారు? అమెరికా సంగతి వచ్చినప్పుడు మనవాళ్లలో కొందరు తేలిగ్గా అనేసే మాట ఇది. అలా అనేవాళ్లు జీతం చూస్తారు, తాతల నాటి ఆస్తిని లెక్కలోకి తీసుకోరు.

1865 జనవరిలో, అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాని అయిన జనరల్ షెర్మన్ దక్షిణాది తీరంలోని భూమిని, బానిసత్వం నుంచి బయటపడ్డ కుటుంబాలకు 40 ఎకరాలకు మించకుండా పంచమన్నాడు. పంచారు, సాగూ మొదలైంది. ఏడాది తిరగకుండానే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ పొలాల్లో చాలావాటిని పాత యజమానులకే అప్పగించాడు. నోటికాడ కూడు లాగేశాడు. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల పొదుపు కోసమే 1865లో పెట్టిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు 1874లో మూతపడింది. 61 వేల మంది సొమ్ము, దాదాపు 30 లక్షల డాలర్లు, అందులో ఇరుక్కుపోయింది. కొందరికి కొంత దక్కింది, చాలామందికి పైసా రాలేదు.

అసలు దెబ్బ ఇళ్ల దగ్గర తగిలింది. 1930లలో ప్రభుత్వ సంస్థే నగరాల పటాలు గీయించి, నల్లవాళ్లుండే పేటలకు, అప్పివ్వడం ప్రమాదమంటూ ఎర్రరంగు వేయించింది. 1934లో వచ్చిన ఫెడరల్ గృహరుణ బీమా కూడా ఆ పేటల్ని దూరం పెట్టింది. ఎంత సంపాదించినా అక్కడ బ్యాంకు అప్పు పుట్టడం గగనమయ్యేది. రెండో ప్రపంచయుద్ధం నుంచి వచ్చిన సైనికులకూ అంతే: 1947లో మిసిసిపీలో ప్రభుత్వ హామీతో ఇచ్చిన మూడువేల పైచిలుకు రుణాల్లో నల్లజాతి సైనికులకు దక్కినవి రెండే.

బ్యాంకు పొమ్మన్నవాళ్లకు షికాగోలో దళారులు ‘కాంట్రాక్టు’ మీద ఇల్లు అమ్మేవారు. ధర అసలు విలువకు రెట్టింపు దాకా ఉండేది. బయానా కట్టాలి, నెలనెలా వాయిదా కట్టాలి, మరమ్మతులూ కొన్నవాడే చేయించుకోవాలి. దస్తావేజు మాత్రం చివరి వాయిదా దాకా అమ్మినవాడి పేరునే. ఒక్క వాయిదా తప్పినా ఇల్లూ పోయేది, కట్టిన డబ్బూ పోయేది. ఖాళీ అయిన ఇంటిని దళారి మరొకరికి అంటగట్టేవాడు. 1968లో నార్త్ లాన్‌డేల్ పేటలో కొనుగోలుదారులు సంఘం కట్టి వాయిదాలు ఆపేదాకా ఈ దోపిడీని గట్టిగా అడిగినవాళ్లు తక్కువే.

అదే ఏడాది గృహవివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది. అప్పటికే శివార్లలో తెల్లవాళ్లు చవగ్గా కొన్న ఇళ్ల విలువ పెరిగిపోయింది. ఆ ఇంటి మీదే పిల్లల కాలేజీ ఫీజు, ఆనక వాళ్ల కొత్త ఇంటికి బయానా. అదే డిగ్రీ చదివిన నల్లజాతి పిల్లల్లో చాలామంది అప్పుతో బయటపడతారు, పైగా జీతంలోంచి అమ్మానాన్నలకూ పంపాలి. చట్టం వివక్షను నిషేధించింది, కానీ జరిగిన నష్టాన్ని పూడ్చే పని అది పెట్టుకోలేదు. వారసత్వం తన పని తాను చేసుకుపోయింది.

2022 ఫెడరల్ రిజర్వ్ సర్వే ప్రకారం మధ్యస్థ తెల్లజాతి కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది 44,900.