వైరు కొసన నల్ల టేపు

పొన్నూరు టాక్సీ స్టాండులో కోడికూతకి ముందే వచ్చి నిలబడే తెల్ల అంబాసిడర్ మా నాన్నది. డీజిల్ బండి, స్టీరింగు పక్కన హ్యాండ్ గేరు. నిడుబ్రోలు స్టేషన్లో రైలు దిగినవాళ్ళు, గుంటూరు పెద్దాసుపత్రికి పోయే రోగులు, బాపట్ల వైపు పెళ్ళిళ్ళకు పోయే ముత్తైదువలు, అందరికీ అదే. ముందు నలుగురు, వెనక ఆరుగురు, డిక్కీలో అరటిగెల. మిర్చి సీజన్లో సరుకు లారీలో ముందుపోయేది, రైతులు మా బండిలో వెనక పోయేవాళ్ళు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు అమ్ముకుని రాత్రికి తిరిగొస్తుంటే వాళ్ళ పంచెల ఘాటు సీట్లకు పట్టి వారం దాకా వదిలేది కాదు. పొద్దున్నే బండి తుడుస్తూ మా చెల్లి తుమ్మితే నాన్న మురిసిపోయేవాడు. ఆ తుమ్ములు ఆయనకు రాబడి లెక్క.

బిర్లాలు 1942లో హిందుస్థాన్ మోటార్స్ మొదలుపెట్టారని, ఇంగ్లండు మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ను తెచ్చి 1957లో అంబాసిడర్ చేశారని నాన్నకు నోటికి వచ్చు. కలకత్తా పక్కనున్న ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ పేరు, కాశీ పేరు తలుచుకున్నట్టు తలుచుకునేవాడు.

డ్యాష్‌బోర్డు మీద నూనెడబ్బా బొమ్మతో చిన్న ఎర్రదీపం ఒకటి ఉండేది. తాళం తిప్పగానే వెలగాలి, ఇంజన్ అందుకోగానే ఆరాలి. ఇంజన్ పక్కన మరలాగా బిగించి ఉండే ఆయిల్ స్విచ్ దాన్ని నడిపిస్తుంది. లోపల ఆయిల్ ఒత్తిడి చాలా ఇంజన్లలో చదరపు సెంటీమీటరుకు అరకేజీకి అటూ ఇటూగా పడిపోతే స్విచ్ వైరును ఇంజన్ బాడీకి కలుపుతుంది, దీపం వెలుగుతుంది. అంతే దాని పని. ఆయిల్ ఎంత ఉందో దానికి తెలియదు. ఆయిల్ ఎంత బలంగా నడుస్తోందో తెలుసు.

మొదటిసారి అది వెలిగినప్పుడు ఇంట్లోనే బాగుచేశాను. అప్పుడే పాలిటెక్నిక్ పాసయ్యాను. చదునైన చోట బండి ఆపి, ఇంజన్ చల్లారాక గేజికడ్డీ తీసి చూశాను. ఆయిల్ సరిగానే ఉంది. స్విచ్ చుట్టూ నూనె చెమ్మ, లోపలి పొర చిరిగింది. కొత్తది కొని బిగించాను. మెకానిక్ దగ్గర ప్రెజర్ గేజి అడిగి తెచ్చి అదే కంతలో పెట్టి చూశాను కూడా. ముల్లు నిలకడగా నిలబడింది. నాన్న స్టాండులో పదిమందికి చెప్పుకున్నాడు, మావాడు చేశాడని.

ఆ మెప్పే రెండోసారి నన్ను ముంచింది.

2003 మార్చి. "లైటు మళ్ళా మినుకుతోందిరా, సందులోకొచ్చి స్లో అయినప్పుడే" అన్నాడు నాన్న. బండి బాగా వేడెక్కినప్పుడు, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు మాత్రమే మినుకుతోందంటే ఏమిటో ఇవాళ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. వేడికి ఆయిల్ పలచబడింది, అరిగిన బేరింగుల సందుల్లోంచి జారిపోతోంది, లేదా ఆయిల్ చాంబర్ అడుగున జాలీకి మడ్డి పట్టింది, లేదా పంపే అలిసిపోయింది. గేజి తెచ్చి, చల్లగా ఒకసారి, గుంటూరు పోయి వచ్చాక ఒకసారి చూస్తే తెలిసేది. చాంబర్ దించి జాలీ కడిగి, బేరింగు సెట్టు మారిస్తే బండి ఇంకో పదేళ్ళు బతికేది. నేను గేజికడ్డీ చూశాను. ఆయిల్ నిండుగా ఉంది. అయితే మళ్ళీ స్విచ్చే అనుకున్నాను. ఆ రోజు షాపు మూసి ఉంది. వైరు పీకి, కొసకు నల్ల టేపు చుట్టి పక్కకు దోపాను. దీపం ఆరింది.

"అయిందా?"

"అయింది నాన్నా. స్విచ్ మార్చా."

ఇరవై ఏళ్ళు దాటాయి. ఆ రెండు మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి. మర్నాడు కొందామనుకున్నాను. మర్నాడు ఏదో పరీక్ష ఫారం. ఆ పై రోజు మరొకటి. నాలుగోనాడు నాన్న అడిగాడు: "తాళం తిప్పితే ముందు వెలగాలి కదరా, వెలగట్లేదే?" బల్బు పోయి ఉంటుందన్నాను. ఆయన నమ్మాడు.

పదకొండో రోజు రాత్రి యార్డునుంచి నలుగురు రైతులతో వస్తున్నాడు. నారాకోడూరు దాటాక ఇంజన్ అడుగునుంచి సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. క్రాంకుకూ బేరింగుకూ మధ్య వెంట్రుక కన్నా సన్నటి సందులో ఉండాల్సిన నూనెపొర పోయి, ఇనుము మెత్తటి లోహాన్ని తినేస్తున్న చప్పుడది. దీపం వెలిగి ఉంటే అక్కడే ఆపేవాడు. చేబ్రోలు చేరేలోపే ఇంజన్ పట్టేసింది. రైతులను వేరే బండి ఎక్కించి, తెల్లవారేదాకా ఆయన దాని పక్కనే కూర్చున్నాడు. పొద్దున ట్రాక్టరుకు తాడుకట్టి లాక్కొచ్చారు.

షెడ్డులో చాంబర్ దించితే మడ్డిలో రాగిరంగు పొడి మెరిసింది. క్రాంకు నీలంగా మారింది, బ్లాకు పగిలింది. మెకానిక్ చెయ్యి ఇంజన్ పక్కకు పోయి ఆగింది. టేపు చుట్టిన వైరు బయటికి లాగి నాన్నకు చూపించాడు. నాన్న దాన్ని వేళ్ళతో చాలాసేపు తిప్పాడు.

"నాకొక మాట చెప్పాల్సిందిరా," అన్నాడు. "నడిపేది నేను గదా."

మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. ఇంజన్ కొనే డబ్బు లేదు. బండి తూకానికి పోయింది. ఏపీ 07 నంబరు ప్లేటు మాత్రం విప్పుకొచ్చాడు. ఆ తర్వాత ఆయన స్టీరింగు పట్టలేదు, ఎవరు పిలిచినా.

2014 మే 24న ఉత్తర్‌పారాలో పని ఆపేశారని పేపర్లో వచ్చింది. నాన్న చదివి, మడిచి, దిండు కింద పెట్టుకున్నాడు. 2017లో అంబాసిడర్ పేరును ఫ్రెంచి కంపెనీ ప్యూజో 80 కోట్లకు కొన్నదని చదివి వినిపిస్తే, "పేరేనా?" అని మాత్రం అడిగాడు.

ఇప్పుడు నాకో చిన్న కారుంది. ఊరెళ్ళినప్పుడు ఆయన్ను గుడికి తీసుకుపోతాను. ఎక్కి తలుపేసుకుంటాడు గానీ వెనక్కి వాలడు. మెడ ముందుకు చాచి డ్యాష్‌బోర్డు వైపే చూస్తుంటాడు. తాళం తిప్పుతాను. ఎర్రదీపం వెలుగుతుంది. ఇంజన్ అందుకుంటుంది, దీపం ఆరుతుంది. అప్పుడు ఆయన సీటుకు ఆనుకుంటాడు.