హైదరాబాద్ ఫుట్‌బాల్: పోలీస్ జట్టు నుంచి పసుపు చొక్కాల దాకా

హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ క్లబ్ 1939లో, నిజాం పాలనలో పుట్టింది. అప్పటికి దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. పేరున్న పాత పోటీలు రెండు తెల్లదొరలు మొదలుపెట్టినవే. డ్యూరండ్ కప్ 1888లో సిమ్లాలో, రోవర్స్ కప్ 1891లో బొంబాయిలో ఆరంభమయ్యాయి. ఒక సంస్థానపు పోలీసులు ఈ రెండు కప్పుల మీద కన్నేయడమే ఆ రోజుల్లో పెద్ద సాహసం.

ఆటగాడికి ఆట పేరున జీతమిచ్చే పద్ధతి అప్పట్లో మన దేశంలో లేదు. పోలీసు కొలువే జీతం. బంతి బాగా తన్నే కుర్రాణ్ణి కానిస్టేబుల్‌గా చేర్చుకునేవారు. నెల తిరిగేసరికి డబ్బు అందేది, ఇల్లు గడిచేది, పొద్దునా సాయంత్రం మైదానంలో ఉండడానికి వీలుండేది. కాగితం మీద ఔత్సాహికుల జట్టే అయినా, ఇది నిజానికి వృత్తి ఆటగాళ్ల జట్టు. దాని బలమంతా ఈ ఏర్పాటులోనే ఉంది. నౌకరీ ఊళ్లోనే కాబట్టి ఆటగాడూ ఊళ్లోనే ఉండేవాడు. ఏళ్ల తరబడి అదే పదకొండుమంది కలిసి ఆడేవారు.

ఆ జట్టుకు ప్రాణం పోసినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు, ఉస్మానియాలో చదివాడు, బడిపంతులుగా పనిచేశాడు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన ఆయన్ని అందరూ ‘రహీం సాబ్’ అనేవారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950 నుంచి కన్నుమూసేదాకా పోలీస్ జట్టుకు కోచ్‌గా ఉన్నాడు.

ఆయన మొదటి పని కుర్రాళ్ల అలవాట్లు మార్చడం. అందుకోసం పెట్టించిన పోటీలు విచిత్రంగా ఉండేవి. ఒకదాంట్లో వాటంలేని కాలితోనే బంతి తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే పాస్ ఇవ్వాలి, ఎడమకాలితోనే గోల్ కొట్టాలి. మొదటి రోజుల్లో బంతి అనుకున్న చోటికి కాక మరెక్కడికో పోతుంది. కానీ కొన్నాళ్లకు రెండో కాలు కూడా మాట వింటుంది. ఇంకో పోటీలో బంతిని కాలిదగ్గర పెట్టుకుని ఒకణ్ణి తప్పించి ఇంకొకణ్ణి తప్పించి పరుగెత్తడం నిషేధం. బంతి అందగానే తోటివాడికి ఇచ్చేయాలి. అందరూ అబ్బురపడే సొంత గారడీ కన్నా జట్టు గెలుపే ముఖ్యమని రహీం ఉపన్యాసం ఇవ్వలేదు, ఆట నియమంగానే పెట్టేశాడు. ముందు వరుసలో మధ్యన ఉండే ఆటగాణ్ణి కొంచెం వెనక్కి లాగి, ఎదుటి రక్షకుణ్ణి తికమక పెట్టే పద్ధతిని కూడా ఆయన జట్లు చాలామందికన్నా ముందే అలవరచుకున్నాయి.

ఫలితం 1950లో కనిపించింది. ఆ ఏడాది రోవర్స్ కప్ పోలీస్ జట్టుదే, డ్యూరండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌నూ ఓడించింది. తర్వాత రోవర్స్ కప్ 1951, 1952, 1953, 1954లో కూడా హైదరాబాద్‌కే వచ్చింది. ఆ పోటీ చరిత్రలో వరసగా ఐదుసార్లు గెలిచిన జట్టు మరొకటి లేదు. బొంబాయి కూపరేజ్ మైదానం ఆ ఐదేళ్లూ మన పోలీసులకు సొంతిల్లయింది. 1954లో, 1957లో మళ్లీ డ్యూరండ్ గెలిచారు. 1957 ఫైనల్లో ఎదురైనది ఈస్ట్ బెంగాల్. జట్టు పేరు మారాక ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా 1961లో డ్యూరండ్‌ను నాలుగోసారి అందుకున్నారు. అప్పుడు ఓడింది మళ్లీ మోహన్ బగానే. 1963 నాటికి రోవర్స్ కప్పులు మొత్తం తొమ్మిది. వాటిలో 1962 నాటిది ఈస్ట్ బెంగాల్‌తో పంచుకున్నది. సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58లో వరసగా విజేత. బంగాళాన్ని దాటి ఫుట్‌బాల్ రాజధాని ఒకటి దక్కన్‌లో వెలసిందని ఒప్పుకోక తప్పని రోజులవి.

దేశపు జట్టు కూడా ఈ బడి నుంచే నిండింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచినప్పుడు కోచ్ రహీమే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి రెండో బంగారం తెచ్చినప్పుడు పోలీస్ జట్టు ఆటగాళ్లు యూసుఫ్ ఖాన్, అఫ్జల్ భారత జట్టులో ఉన్నారు. అప్పటికే రహీంను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న ఆయన పోయాడు. 1964 నుంచి రోవర్స్ కప్ మళ్లీ పోలీసులకు దక్కలేదు.

గురువు పోవడం ఒక్కటే కారణం కాదు. కలకత్తా క్లబ్బులు డబ్బూ పేరూ చూపించి కుర్రాళ్లను లాక్కుపోయాయి. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. 1966లో మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ అదే దారి పట్టారు. కానిస్టేబుల్ జీతం ఆ పోటీని తట్టుకోలేదు. ఊరి పాత ఆటస్థలం ఫతే మైదాన్ 1967లో లాల్ బహదూర్ స్టేడియం అయింది. తర్వాతి తరాల్లో అక్కడ క్రికెట్‌కు వచ్చినంత జనం ఫుట్‌బాల్‌కు రాలేదు. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ లాంటి దిట్టలు పుట్టకపోలేదు కానీ, పేరు తెచ్చుకున్నది కలకత్తాలోనే.

ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) స్థాయిలో జీతమిచ్చి ఆడించే క్లబ్ ఊరికి వచ్చింది 2019లో. పుణెలో మూతపడిన జట్టు స్థానంలో ఆ ఆగస్టులో పసుపు చొక్కాల హైదరాబాద్ ఎఫ్‌సీ ఏర్పడింది. యజమానులు విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని. 2002 జాతీయ క్రీడల నాటి గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంత మైదానం. తొలి మ్యాచ్‌లో కోల్‌కతా జట్టు ఏటీకే చేతిలో 5-0తో ఓడిపోయింది. నవంబర్ 2న కేరళ బ్లాస్టర్స్‌ను సొంత మైదానంలో 2-1తో గెలిచింది. అయినా 18 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లే దక్కి అట్టడుగున మిగిలింది.

పంజగుట్టలో ఉండే అభిమానికి గచ్చిబౌలి మైదానం దగ్గరదేం కాదు. మెట్రో ఎక్కి ఒక స్టేషన్ అవతల అమీర్‌పేటలో దిగాలి. ఆ రద్దీలో మెట్లెక్కి బండి మారి రాయదుర్గం వెళ్లాలి, అక్కణ్ణుంచి ఆటోయో బస్సో చూసుకోవాలి. అదే ఫతే మైదానైతే ఖైరతాబాద్ మీదుగా ఒక్క బండిలో చేరిపోయే దూరం.

స్పెయిన్ నుంచి వచ్చిన కోచ్ మనోలో మార్క్వెజ్ చేతిలో జట్టు మారిపోయింది. కొవిడ్ వల్ల రెండు సీజన్లు గోవాలోనే జరిగాయి. అందువల్ల అత్యుత్తమ ఆట ఆడిన ఏడాది హైదరాబాద్ జనం తమ జట్టును తమ గడ్డ మీద ఒక్కసారి కూడా చూడలేకపోయారు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఐఎస్‌ఎల్ ఫైనల్. బ్లాస్టర్స్ ముందు గోల్ కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి తన్నిన బంతి స్కోరును సమం చేసింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో కప్ హైదరాబాద్‌ది. ఆ సీజన్లో జట్టు ఫార్వర్డ్ ఒగ్‌బెచె 18 గోల్స్ కొట్టాడు. మరుసటి ఏడాది జట్టు లీగ్ పట్టికలో రెండో స్థానం పొందింది.

తర్వాత డబ్బు కష్టాలు చుట్టుముట్టాయి. జీతాల బకాయిలు పేరుకుపోయాయి, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది, మార్క్వెజ్ గోవాకు వెళ్లిపోయాడు. 2023-24లో ఒకే ఒక్క గెలుపుతో జట్టు మళ్లీ చివరికి జారింది. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ చేతికి వచ్చింది. 2025 అక్టోబర్‌లో క్లబ్ ఊరు విడిచి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. పోలీస్ జట్టును కలకత్తా ఒక్కొక్క ఆటగాడిగా ఖాళీ చేసింది. ఈసారి జట్టు మొత్తం ఒక్క సంతకంతో వెళ్లిపోయింది. ఊరికి మిగిలిన పెద్ద క్లబ్ శ్రీనిధి దక్కన్. అజీజ్‌నగర్‌లోని దక్కన్ ఎరీనా దాని మైదానం, 2022-23, 2023-24 ఐ-లీగ్ సీజన్లలో అది రెండో స్థానంలో నిలిచింది.